సాక్ష్యం చెప్పిన ఇల్లు

పక్క క్వార్టరు ఫ్లోరెన్సు చెప్పిందట. ఆమెకు ఇంకెవరో చెప్పింది కాదు, ఆదివారం చర్చిలో మూడో బెంచీలో కూర్చొని స్వయంగా విన్నదట.

ఆ మాటను కూరగాయలమ్మే బాలి గంపతో పాటు మోసుకొచ్చి మంగళవారం పొద్దున సంపూర్ణ గుమ్మంలో దించింది.

"ఖమ్మంల ఇల్లు ఖాయమైందంట గదమ్మా. పెద్ద గేటు, గేటుకు జవాను, లోపటంత చెట్లు, చెట్లకు లైట్లంట. మీ సారు నిలబడి దేవునికి వందనాలు చెప్పిండంట. పక్క క్వార్టరామె నాలుగిండ్లల్ల చెప్పింది. నువ్వేంది, నేను చెప్తుంటే కొత్తగ వింటున్నవు?"

సంపూర్ణ అప్పటిదాకా బెండకాయల కొనలు తుంచి లేతవి ఏరుతోంది. ఆ తరువాత ఏరలేదు. ముదురూ లేతా కలిపి రెండు దోసిళ్లు తట్టలో వేసుకుంది. బాలి అది చూసింది. చూడనట్టే గంప ఎత్తుకుని, పక్కింటికి చేరేసరికి ఈ వార్తను ఎంత పెంచాలో ఆలోచించుకుంటూ వెళ్లిపోయింది.

ఖాయం అనే మాట ఆ ఇంట్లో ఇంకా పుట్టనే లేదు.

సంపూర్ణ భర్త జయరాజ్ వచ్చే నెలాఖరుకు పేపర్ మిల్లులో రిటైరవుతున్నాడు. సారపాకలో ముప్పై ఒక్కేళ్లుగా ఉన్న క్వార్టరు ఖాళీ చేయాలి. కూతురు స్తుతి ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది కాబట్టి, ఖమ్మం పోవడం మీద తగువు లేదు. ఖమ్మంలో ఎక్కడ అనేదే తగువు. ఇన్నేళ్లూ మిల్లు ఏ క్వార్టరిస్తే అందులో, పక్కన ఎవరిని పెడితే వాళ్లతో బతికినవాళ్లు. రోజుకింత పెరుగుతున్న ఊరిని ముందు పెట్టుకుని, ఇందులో మీకు ఏ మూల కావాలి అని అడిగితే మొగుడిదో మూల, పెళ్లానిదో మూల అయింది.

ఆయనకు బైపాసు అవతల లేచిన శాంతివనం నచ్చింది. చుట్టూ గోడ, లోపల ఒకే అచ్చున పోసినట్టు ఎనభై ఇళ్లు. ఆమెకు పాత ఊళ్లో మున్నేటి ఒడ్డు వైపున్న బొగ్గుల గల్లీ నచ్చింది. తలుపు తీస్తే వీధి, వీధి నిండా మనుషులు. రెండూ ఇంకోసారి చూసి ఇద్దరం కలిసి తేల్చుకుందాం అని శనివారం మాటైంది.

ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పేశాడు.

ఆ సంఘంలో సాక్ష్యం అంటే, దేవుడు చేసిన మేలును నలుగురిలో నిలబడి చెప్పడం. చేసిన మేలే, చేయబోయేది కాదు. ఒకసారి నోరు దాటితే పాస్టరు గారి ప్రార్థనలోకి ఎక్కుతుంది. స్త్రీల కూడికలోకి ఎక్కుతుంది. కృతజ్ఞత కూడిక ఎప్పుడు పెడతారని తేదీ అడుగుతారు. బిర్యానీకి డేగిసా ఎవరింట్లోంచి తేవాలనే దాకా పోతుంది. కుదిరి తప్పిపోయిన పెళ్లిళ్లు ఆ సంఘంలో ఉన్నాయి గానీ, చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకున్న మనిషి లేడు.

జయరాజ్ చెడ్డవాడని కాదు. కృతజ్ఞత ఆయనకు దగ్గులాంటిది, వస్తే ఆపుకోలేడు. వాన పడినా వందనాలే, వాన వెలిసినా వందనాలే, బస్సులో కిటికీ సీటు దొరికినా వందనాలే. ఆయన కోసమే పాస్టరు గారు బల్ల మీద చిన్న గంట పెట్టారని, రెండు నిమిషాలు కాగానే కొడతారని అందరూ నవ్వుకుంటారు. ఆయన కూడా నవ్వుతాడు.

ఆ ఆదివారం సంపూర్ణ చర్చికి పోలేదు. వంతెన దాటి భద్రాచలంలో కంటి దవాఖానాలో, ఆపరేషన్ అయిన కన్నమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ కన్నమ్మ ఇప్పుడు వెనక గదిలో నల్లద్దాలు పెట్టుకుని పడుకుని ఉంది. నాలుగు గంటలకోసారి సంపూర్ణ పోయి కంట్లో మందు చుక్కలు వేసి వస్తోంది.

ఇరవై ఆరేళ్ల కింద, స్తుతి పుట్టిన పన్నెండో రోజున, సంపూర్ణకు ఒళ్లు తెలియని జ్వరం వచ్చింది. పాలు ఎండిపోయాయి. డబ్బా పాలు బిడ్డకు పడలేదు. వాగవతల గుంపులో ఒక పచ్చి బాలింత ఉందని దవాఖానా ఆయా చెబితే, జయరాజ్ బిడ్డను తువ్వాలలో చుట్టుకుని వానలో, నడుములోతు వాగు దాటి పోయాడు. గుంపంటే ఎంత, పది పన్నెండు కోయ ఇళ్లు. మొదటి ఇంటి చూరు కింద ఒకామె కొడుకును ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఈయన నోరు తెరిచేలోపే చేతులు చాచింది. ఒక పక్క తన కొడుకు పవన్, ఇంకో పక్క స్తుతి. అలా నలభై రోజులు. ఆమె పేరు కన్నమ్మ అని ఈయనకూ, ఈయన పేరు జయరాజ్ అని ఆమెకూ మూడోనాడు తెలిసింది.

అప్పటి నుంచి ఆమెకు సంపూర్ణ అక్క, జయరాజ్ బావ. ఏడాదిలో నాలుగైదుసార్లు చెప్పాపెట్టకుండా వస్తుంది. సంచిలో తేనో, గడ్డలో, ఎండిన ఇప్పపువ్వో ఉంటుంది. ముందు వాకిలి తట్టడం ఆమెకు తెలియదు. చుట్టూ తిరిగి వంటింటి తలుపు నెట్టుకుని, "వచ్చిన్నక్కా" అనేసరికే పొయ్యి దగ్గర చతికిలబడి ఉంటుంది.

*

జయరాజ్ మొదటి షిఫ్టు దిగి రెండున్నరకు వచ్చాడు. సంపూర్ణ మాట్లాడకుండా అన్నం పెట్టి బెండకాయ పులుసు పోసింది. పళ్ల కింద పీచు తగిలేసరికి ఆయనకు ఇంట్లో ఏదో జరిగిందని అర్థమైంది. ముప్పై ఏళ్లలో ఆమె ముదురు బెండకాయ వండలేదు.

"సాక్ష్యం చెప్పినవంట."

ఆయన పీచు తీసి కంచం అంచున పెట్టాడు.

"ఇంటి ముచ్చట ఎత్తాలనుకోలే సంపూర్ణా. పది వేళ్లతోని బయటపడ్తున్న అని మొదలువెట్టిన."

అబద్ధం కాదు. మిషన్ మీద బతికినవాడికి పది వేళ్లు పదిగానే ఉండటం చిన్న మేలేమీ కాదు. వేళ్ల నుంచి పెన్షన్‌లోకి, పెన్షన్ నుంచి బిడ్డ ఉద్యోగంలోకి, అక్కడి నుంచి శాంతివనంలోకి నోరు దానంతటదే నడిచిపోయిందని, మధ్యలో ఎక్కడా నిలబడటానికి చోటు దొరకలేదని చెప్పుకున్నాడు. వింటున్నవాళ్ల ముఖాలు వెలుగుతుంటే ఆపబుద్ధి కాలేదట.

ఎవరెవరికి వందనాలు చెప్పావని ఆమె అడిగింది. ఆయన వరుసపెట్టి అప్పజెప్పాడు. దేవుడు, పాస్టరు గారు, షిఫ్టు ఇన్‌చార్జి, బ్యాంకు సారు, ఇల్లు చూపించిన కిషన్‌లాల్.

"కన్నమ్మకు?"

వెనక గదిలో మంచం కిర్రుమంది.

"గంట కొట్టిండు" అన్నాడు జయరాజ్.

ఆయన మజ్జిగ అడగలేదు. ఆమె పోయలేదు.

చివరికి ఆమే మొదలుపెట్టింది. ఇల్లు తన పేరు మీద రాయించాలని ముందే అనుకున్నారు. ఏ ఇల్లైనా రిజిస్ట్రేషన్ వచ్చే వారం శుక్రవారం అనుకున్నారు. సంతకం పెట్టాల్సింది తను. పెడతాను, శాంతివనమైనా పెడతాను, కానీ ఒక్కటే అడుగుతానంది.

"కన్నమ్మ ఎవర్ని అడుక్కోకుండ, ఎవరికి జవాబు చెప్పకుండ, సక్కగ నడుచుకుంట నా వంటింట్లకు రావాలె. ఆ గేటుల నుంచి అట్ల రానిస్తరా?"

"నేను మాట్లాడ్త" అన్నాడు.

"మాట్లాడి వస్తే సంతకం వెడ్త. లేకపోతే నీ సాక్ష్యంల నువ్వే ఉండు."

కన్నమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నల్లద్దాల వెనక ఆమె ఎవరిని చూస్తోందో తెలియడం లేదు.

"లొల్లి వెట్టుకోకున్రి. నా పేరు చెప్తే దేవునికేమన్న కొత్తగ ఎరకైతదా" అంది. ఆ తరువాత, ఆ రెండు ఇళ్లూ తనకు కూడా చూపించమంది. "కొత్త కన్ను వెట్టిచ్చిన్రు గద. దాంతోని ఏదో ఒకటి చూడాలె గదా నేను."

జయరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. నల్లద్దాల్లో సినిమా యాక్టరు లెక్క ఉన్నావంటూ, గుమ్మంలోనే నిలబెట్టి ఫోనులో ఆమె ఫోటో తీశాడు.

*

తరువాతి వారం బుధవారం, డాక్టరు సరేనన్నాక, ముగ్గురూ తొలి బస్సుకు బయలుదేరారు. కొత్తగూడెం దాటేదాకా కన్నమ్మ కిటికీ వదల్లేదు. చెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయన్న సంగతి మర్చిపోయానని, ఈ రెండేళ్లూ అంతా ఒకటే పచ్చ ముద్దలాగా కనిపించేదని అంది. సంపూర్ణ ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. ముందు సీటులోంచి జయరాజ్ "దేవునికి స్తోత్రం" అన్నాడు. ఈసారి ఎవరూ గంట కొట్టలేదు.

ఖమ్మం బస్టాండులో స్తుతి కాచుకుని ఉంది. వస్తూనే తల్లికంటే ముందు కన్నమ్మను పట్టుకుని, "చిన్నమ్మా, నేను మంచిగ కనవడ్తున్ననా" అని అడిగింది. కన్నమ్మ అద్దాలు ఎత్తి చూసి, బక్కచిక్కావు గానీ కనబడుతున్నావంది.

ముందు బొగ్గుల గల్లీ. సంపూర్ణ చెప్పినదానికంటే ఆ వీధి ఇంకా బాగుంది. అరుగుల మీద ఆడవాళ్లు చింతపండు ఒలుస్తున్నారు. కుట్టు మిషన్ చప్పుడు ఒక కిటికీలోంచి, పోపు వాసన ఇంకో కిటికీలోంచి వస్తోంది. కొత్తవాళ్లను చూసి ఒకామె ఎవరింటికని కాకుండా, మంచినీళ్లు తాగుతారా అని అడిగింది. సంపూర్ణ కూతురి వైపు చూసి, చూశావా అన్నట్టు తలాడించింది.

ఇంట్లో గోడలకు కొత్త రంగు. ఓనరు ఒక్కో గది తలుపు తీస్తూ, గాలి ఎటు నుంచి వస్తుందో వివరిస్తున్నాడు. కన్నమ్మ గోడ మీద చెయ్యి పెట్టి పైకి, పైకి తడుముకుంటూ పోయింది.

"అక్కా, ఈ కరెంటు బొత్తాలు ఎవరి కోసం వెట్టిన్రు? నా చెయ్యి అందుతలేదు."

నిజమే. స్విచ్చిబోర్డులన్నీ తల కంటే మూరన్నర పైన ఉన్నాయి. ఇప్పుడంతా ఇదే మోడలని ఓనరు అన్నాడు. కన్నమ్మ ఆ మాట వింటూనే బయటికి నడిచి, ఎదురు అరుగు మీద కూర్చున్న ముసలామె పక్కన తనూ కూర్చుంది. ఇద్దరూ చింతపండు ఒలిచారు. కాసేపటికి ముసలామె లేవకుండానే చెయ్యెత్తి ఈ ఇంటి కిటికీ పై కమ్మీ చూపించింది. మున్నేరు పొంగిన ఏడాది అక్కడి దాకా వచ్చిందట.

ఎప్పుడో ఒకసారి వచ్చింది, ఏటా వస్తుందా అని సంపూర్ణ అంది. గొంతులో పట్టు లేదు.

"గోదారి వస్తే మేము గుట్టెక్కుతం. నువ్వు ఈడ ఏడికెక్కుతవక్కా?"

సంపూర్ణ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇంకోసారి చూసుకుంది. ఎవరి కోసం ఈ వీధిని పట్టుకుని ఇన్ని రోజులు మొగుడితో కొట్లాడిందో, ఆ మనిషే వద్దంది. కోపం రావాల్సిన చోట ఆమెకు కడుపు నిండినట్టైంది. తన మంచీచెడ్డా తనకంటే ముందు చూసే మనిషి ఒకరు ఉన్నారు. పోతూ పోతూ, మంచినీళ్లిచ్చినామెకు చెంబు తనే తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది.

*

శాంతివనం గేటు దగ్గర ఆటో దిగగానే జయరాజ్ అందరినీ అక్కడే నిలబడమన్నాడు. కాపలా గదిలోకి పోయి, కిషన్‌లాల్ ముందే ఏర్పాటు చేసిన ఏదో కాగితం మీద సంతకం పెట్టి, వెనక చెయ్యి దాచుకుని వచ్చాడు. ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది.

చెయ్యి ముందుకు తెచ్చాడు. నీలం తాడుకు వేలాడుతున్న కార్డు. కార్డులో నల్లద్దాలతో కన్నమ్మ.

"నీది" అన్నాడు. "ఎవ్వరు ఆపరు. ఇది మెడల ఉంటే గేటు వాళ్లంతట వాళ్లే తెరుస్తరు."

తన చేత్తో ఆమె మెడలో వేశాడు, దండ వేసినట్టు.

మిల్లు మనిషికి గేటు పాసు అంటే ఏమిటో మిల్లు మనుషులకే తెలుస్తుంది. అది ఉన్నవాడు లోపలివాడు, లేనివాడు బయటివాడు. ముప్పై ఒక్కేళ్లు అది మెడలో వేసుకునే అన్నం తిన్నాడు. కన్నమ్మ కొడుకు పవన్‌కు కాంట్రాక్టు పాసు వచ్చిననాడు గుంపంతా లడ్డూలు పంచారు. తనకు తెలిసిన మర్యాదల్లో పెద్దదాన్నే జయరాజ్ తెచ్చాడు. సాక్ష్యంలో మరిచిన పేరును ఇలా రాయించి తెచ్చాడని సంపూర్ణకు అర్థమైంది. ఆమె ఆయన వైపు చూసిన చూపులో ఎనిమిది రోజుల కోపం కరిగిపోయింది.

కన్నమ్మ తన బొమ్మను వేలితో తుడిచి చూసుకుంది. "దొరసాని లెక్కున్న గద" అంది. గేటు దగ్గరికి పోయి కార్డు ఎత్తి చూపించింది. తెరిచారు. ఒక అడుగు లోపలికి వేసి, మళ్లీ బయటికొచ్చి, మళ్లీ చూపించి లోపలికి పోయింది. స్తుతి నవ్వు ఆపుకోలేకపోయింది. కాపలావాడూ నవ్వాడు.

నలభై రెండో నంబరు ఇల్లు. ఎత్తు మీద ఉంది. స్విచ్చిబోర్డులు చేతికందేంత ఎత్తులో ఉన్నాయి. కన్నమ్మ నేరుగా వంటింట్లోకి నడిచి, పొయ్యి పెట్టే చోటుకు ఎదురుగా నేల మీద చతికిలబడింది. క్వార్టరులో కూర్చున్నట్టే కూర్చుంది.

"వచ్చిన్నక్కా" అంది.

సంపూర్ణ కళ్లు తుడుచుకుంది. అడిగింది అడిగినట్టు జరిగింది. శుక్రవారం సంతకానికి ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుంది. పాస్టరు గారిని కూడికకు తేదీ అడగమని మొగుడికి చెప్పింది. మొదటి పాలు కన్నమ్మే పొంగించాలంది. జయరాజ్ గోడకు ఆనుకుని నిలబడి, పెదవులు కదుపుతూ తన వందనాలు తాను చెప్పుకుంటున్నాడు.

"ఇదే తీస్కోన్రి" అంది కన్నమ్మ. "నీళ్లు రావు. గాలొస్తది. సంతకం వెట్టక్కా." తరువాత కార్డు ఎత్తి స్తుతికి ఇచ్చింది. "నా పేరు ఎట్ల రాసిన్రో చదువు బిడ్డా. నా పేరు ఏడ రాసింది నేనెప్పుడు వినలే."

స్తుతి తీసుకుని చదివింది.

"పేరు, కన్నమ్మ. ఇల్లు, నలభై రెండు." ఆగింది.

"ఇంకేదో ఉన్నది గద కింద. రెండు వరుసలున్నయ్. కొత్త కన్ను, నాకు కనవడ్తున్నయ్."

స్తుతి తండ్రి వైపు చూసింది. సంపూర్ణ కూతురి చేతిలోంచి కార్డు అందుకుని కింది వరుసలు చూసింది. పైకి చదవలేదు. కార్డు మళ్లీ కూతురి చేతిలోనే పెట్టింది.

"చదువు బిడ్డా" అంది కన్నమ్మ.

"పనిమనిషి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాక."

జయరాజ్ గోడ వదిలి ముందుకొచ్చాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇక్కడ కార్డులు రెండే రకాలన్నారట, ఇంటివాళ్లకు, పనివాళ్లకు. చుట్టాలకు ఇవ్వరట. ఇంటివాళ్లలో రాయమంటే ఆధార్‌లో అదే ఇల్లు ఉండాలన్నారట. అది రాత వరకేనని, లోపలికొచ్చాక ఎవరు చూస్తారని, తను మనసులో అలా అనుకోలేదని చెప్పాడు.

"చుట్టమని రాపిస్తే, వచ్చినప్పుడల్ల నిన్ను గేటు కాడ నిలవెడ్తరు కన్నమ్మా. నువ్వెవరు, వాళ్లకేమైతవు అని అడుగుతరు. ఆ అడుగుడు నీకుండొద్దనే నేనిట్ల చేసిన."

కన్నమ్మ నేల మీంచి లేచింది. తాడు తల మీదుగా తీసి, కార్డును పొయ్యి పెట్టే గట్టు మీద బోర్లా పెట్టింది. నల్లద్దాలు కూడా తీసి దాని పక్కన పెట్టింది. కొత్త కన్ను ఎర్రగా ఉంది.

"వానల బిడ్డనెత్తుకొని మా గుంపుకొచ్చిననాడు, నువ్వెవరివి, ఏమైతవని నేనడిగిన్నా బావా?"